మూడో నంబరు వైరు

మూడో దీపం వెలిగినప్పుడు పక్కింటికి తాళం వేసి ఉంది. శుక్రవారం, మధ్యాహ్నం మూడు కావస్తోంది. వార్త పంపుతూ యథాలాపంగా రూటరు వైపు చూశాను. ఒకటో దీపం నాది, అది మిణుకుతోంది. దాని పక్కన, కొద్ది రోజులుగా చీకటిగా ఉన్న మూడోది కూడా పచ్చగా మిణుకుతోంది.

ఇరవై ఏళ్లు పత్రికకు వార్తలు రాసినవాణ్ని. దయ్యం తిరుగుతోందన్న ఊళ్లకు, చేతబడి జరిగిందన్న ఇళ్లకు వెళ్లాను. ప్రతిసారీ చివరికి ఎవరో ఒక మనిషి, ఏదో ఒక కోపం బయటపడేవి. అవే రాశాను. దయ్యాలను ఎన్నడూ నమ్మలేదు, ఇప్పుడు నమ్ముతున్నానని కూడా అనను. చూసింది చూసినట్టు చెబుతాను, అంతే.

అది 2012 వేసవి. కామారెడ్డిలో మా ఇంటికీ లక్ష్మి ఇంటికీ మధ్య ఛాతీ ఎత్తు గోడ ఒక్కటే. లక్ష్మి భర్త నర్సింలు సౌదీలో పైపుల పని చేసేవాడు. మా ఇంట్లో ల్యాండ్‌లైన్ మీద బ్రాడ్‌బ్యాండ్ ఉండేది. రూటరు వైఫై లేని పాతరకం. వెనక నాలుగు రంధ్రాలు, ముందు నాలుగు చిన్న దీపాలు. రంధ్రంలో వైరు పెట్టి, దాని రెండో కొస కంప్యూటరుకు తగిలిస్తేనే ఆ నంబరు దీపం వెలుగుతుంది. ఒకటోది నా కంప్యూటరుకు. రెండోది వదులైపోయింది. మూడోదాంట్లోంచి ఒక నీలం వైరు కిటికీ దాటి, గోడ మీదుగా లక్ష్మి ఇంట్లోకి పోయేది.

శుక్రవారం నర్సింలుకు సెలవు. మనకు మూడు గంటలప్పుడు అక్కడ పన్నెండున్నర. క్యాంపు నుంచి పట్నం వచ్చి, ఒక నెట్ దుకాణంలో కూర్చుని వీడియో కాల్ చేసేవాడు. సరిగ్గా నేను ఫొటోలు పంపే సమయమూ అదే. వాళ్లు మాట్లాడుతుంటే నా ఫొటో కదిలేది కాదు. అందుకే మా మధ్య ఒక పద్ధతి ఏర్పడింది. నేను కేకేసి చెప్పి, ఐదు నిమిషాలు మూడో వైరు పీకి, పని కాగానే మళ్లీ పెట్టేవాణ్ని.

"లక్ష్మీ, పీకుతున్న!"

"జర ఆగన్నా! ఏం కూర తిన్నవంటే ఇంక చెప్తనే లేడు!"

"మొకం జూస్తె తెలుస్తలేదా, పప్పే!" అనేవాణ్ని నేను.

గోడ అవతల కంప్యూటరులోంచి నర్సింలు నవ్వు కూడా వినిపించేది.

ఆ ఏడు మార్చి చివర్లో ఒక శుక్రవారం మాత్రం నేను కేక వేయలేదు. భిక్నూర్ వైపు వడగళ్ల వాన పడింది. ఆఫీసు నుంచి ఫోన్ మీద ఫోన్. వైరు పీకాను, ఫొటోలు పంపాను, బండి తీసుకుని అటే వెళ్లిపోయాను. వైరు సంగతి సాయంత్రం ఇంటికొచ్చాకే గుర్తొచ్చి, మళ్లీ పెట్టాను.

సరిగ్గా అప్పుడే నర్సింలు ఆమెను ఒక మాట అడిగాడట. ఇంకో రెండేళ్లు ఉంటానని కంపెనీవాళ్లు కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టనివాళ్లను ఎక్కడో దూరపు సైటుకు పంపిస్తున్నారు. పాస్‌పోర్టులు వాళ్ల దగ్గరే ఉన్నాయి. "సంతకం పెట్టాల్నా, వద్దా?" అని అడగ్గానే అతని ముఖం తెర మీద బిగుసుకుపోయిందట. ఆమె సాయంత్రం దాకా ఆ బిగిసిన ముఖం ముందే కూర్చుంది.

తర్వాతి శుక్రవారం కాల్ రాలేదు. ఆ పై శుక్రవారమూ రాలేదు. అతని ఫోన్ పలకలేదు. లక్ష్మి మాత్రం "నెట్టు పోయిందన్నా, నా నసీబు" అనేది. పోయింది నెట్టు కాదని నేను చెప్పలేకపోయాను.

నర్సింలును పంపిన ఏజెంటుది ఎల్లారెడ్డి. లక్ష్మి పుట్టిల్లూ అక్కడే. అతని గడప ముందే కూర్చుంటానని ఆమె బయలుదేరింది. వెళ్తూ కంప్యూటరునూ మానిటరునూ దుప్పట్లో మూటగట్టింది.

"అది ఎందుకు చెల్లె? మీ అవ్వోళ్లింట్ల లైను లేదు గదా."

"ఆయన మొకం గీ డబ్బలనే వస్తది గదన్నా. నేను ఆడ, డబ్బ ఈడ ఉంటే ఎట్ల? తాళమేసిన ఇంటికి ఫోన్ జేసినట్టయితది."

లైను లేకుండా అది వట్టి ఇనుప డబ్బా అని ఎంత చెప్పినా వినలేదు. లింగంపేట మీదుగా పోయే బస్సులో మూట ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని వెళ్లింది. తాళంచెవి నా భార్యకు ఇచ్చింది.

ఆమె వెళ్లిన మరుసటి శుక్రవారమే మూడో దీపం వెలిగింది.

కరెంటు లేదు. మా ఇంట్లో ఇన్వర్టర్ మీద ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. వీధిలో ఎక్కడా అలికిడి లేదు. ఎండ తెల్లగా, నిలిచిన నీళ్లలా కదలకుండా ఉంది. నా ఫొటో సగంలో ఆగిపోయింది, అవతల ఎవరో మాట్లాడుతుంటే ఆగినట్టే. అలవాటుగా మూడో వైరు మీద చెయ్యి వేశాను. పీకబుద్ధి కాలేదు.

తాళంచెవి తీసుకుని పక్కింటికి వెళ్లాను. గది చల్లగా ఉంది. నాలుగు వైపులా నీలం సున్నం గోడలు, ఒక పక్క బల్ల, బల్ల మీది దుమ్ములో కంప్యూటరు ఉన్నచోట మాత్రం శుభ్రంగా ఒక చతురస్రం. వైరు కొస నేల మీద పడి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని, కిటికీలోంచి నా భార్యను పిలిచాను.

"దీపం ఆరిందా?"

"ఆరలే. మిణుకుతనే ఉన్నది. ఆడ దేనికి పెట్టినవ్?"

"దేనికీ పెట్టలే. కొస నా చేతులనే ఉన్నది."

ఆమె మెల్లగా, "పాపం, ఉండనియ్యి" అంది. ఎవరిని ఉండనివ్వమందో నేను అడగలేదు. ఆ కొసను బల్ల మీద, ఆ చతురస్రంలో పెట్టి వచ్చేశాను.

దీపం దాదాపు ఇరవై నిమిషాలు మిణుకుమంటూ ఉండి ఆరిపోయింది. ఆ రోజు నా వార్త వేళకు అందలేదు. మర్నాడు జిల్లా పేజీలో అది లేదు. ఆ పేజీ దాచాను. తెలిసిన లైన్‌మన్‌ను పిలిపించి చూపిస్తే, రూటరు బాగానే ఉందనీ, అవతల ఏమీ లేకుండా దీపం వెలగదనీ చెప్పాడు. మళ్లీ ఎప్పుడూ అలా వెలగలేదు.

ఆదివారం నా సెల్‌కు కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. నర్సింలు.

"అన్నా, లక్ష్మికి చెప్పు. ఆమె వద్దన్నట్టే సంతకం పెట్టలే. నలుగురం కలిసి ఎంబసీకి వచ్చినం."

"ఆమె ఎప్పుడు వద్దన్నది?"

"మొన్న శుక్రవారం నెట్ల కనబడ్డది గదా. మాట ఇనబడలే. సంతకం పెట్టాల్నా అని మల్ల అడిగిన. తలకాయ అడ్డం ఊపింది."

ఆ మధ్యాహ్నమే ఎల్లారెడ్డి వెళ్లాను. మూట విప్పనే లేదు, దుప్పటి ముడి అలాగే ఉంది. భర్త క్షేమమని వినగానే లక్ష్మి ఏడ్చింది, వెంటనే నవ్వింది. శుక్రవారం ఆ వేళకు ఏం చేస్తున్నావని అడిగాను. తలకు పోసుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ మూట పక్కనే నిద్రపోయానంది. కల ఏదీ గుర్తు లేదంది.

నర్సింలు వానాకాలంలో తిరిగొచ్చాడు. అతను చూసింది చాలాసార్లు అడిగాను, ఎప్పుడూ ఒకే మాట చెప్పాడు. ఆమె జుట్టు తడిగా, విరబోసి ఉంది. వెనక నీలం గోడ ఉంది. ఎల్లారెడ్డి ఇంట్లో నీలం గోడ లేదు.

ఆ వైరు పీకిన సంగతి నా గొంతులోనే ఉండిపోయింది. ఒకరోజు లక్ష్మి ఒంటరిగా గోడ దగ్గర కనిపిస్తే చెప్పేశాను. ఆ శుక్రవారం కేక వేయకుండా పీకింది నేనేనని, మన్నించమని.

ఆమె గోడ మీది నీలం వైరు వైపు చూసింది.

"మంచిగనే అయింది అన్నా. ఆనాడు కట్ గాకపోతే, పెట్టుమనే అందును. రెండేండ్లు ఎంతసేపు, ఓపిక పట్టుమందును. ఎల్లారెడ్డికి పోయినంక గూడ నా మనసుల అదే మాట ఉండె."

ఆ మాట లక్ష్మి తన భర్తకు ఇప్పటికీ చెప్పలేదు. తన పెండ్లాం వద్దని తలూపింది కాబట్టే ఇల్లు చేరానని నర్సింలు అందరికీ చెబుతుంటాడు.