గాలి పోయిన చప్పుడు

కొన్నేళ్లుగా ఒక చప్పుడును మోస్తున్నాను. టైరులోంచి గాలి పోయేటప్పుడు వచ్చే చప్పుడు. ఇప్పటికీ వీధిలో ఎవరైనా సైకిలుకు గాలి కొట్టించుకుంటుంటే నా అరచేతులు చెమరుస్తాయి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ఇంజనీరింగు కళాశాలలో యంత్రశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. విజయవాడలో మా వయసువాళ్లం కొందరం ఆదివారం పొద్దున్నే సైకిళ్ల మీద బయలుదేరేవాళ్లం. ఆ బృందానికి నియమాలు పెట్టింది నేనే. ప్రతి టైరునూ నేను బొటనవేలితో నొక్కి చూడనిదే ఎవరూ కదలకూడదు. నొక్కితే రాయిలా ఉండాలి. చిన్ననాటి బరువు సైకిళ్ల నుంచి నేను నమ్మిన ధర్మం అది. సన్నటి టైర్లున్న నా రోడ్డు సైకిలు కూడా దానికే సాక్ష్యం చెప్పేది.

మాలో చేపల వ్యాపారి నాగేశ్వరరావు గారు ఒక గ్రావెల్ సైకిలు, అంటే కంకరదారుల కోసం చేసింది, కొన్నారు. హ్యాండిలు నా సైకిలుకు లాగే కిందికి వంగి ఉంది. టైర్లు మాత్రం లావు. కొండదారుల సైకిలుకున్నంత లావు కాదు, దానికి ఉండే ముందు స్ప్రింగులూ లేవు. అటూ ఇటూ కాని వస్తువని నాకు చిరాకు కలిగింది. పైగా టైర్లు మెత్తగా ఉన్నాయి.

"గాలి చాలదు," అన్నాను.

"దీనికింతేనండి మాష్టారూ. మెత్తగా ఉంటేనే కంకరని పట్టుకుద్ది. మీ సైకిలు తారురోడ్డు మీద పెళ్లికొడుకండి, కాలవ గట్టెక్కిందంటే అడుగడుక్కీ అలుగుద్ది!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. ఈ ఒక్క మాట ఒప్పుకోవడానికే ఇన్నేళ్లు పట్టింది. ఉయ్యూరు దాటాక టీ కోసం ఆగాం. ఆయన అందరికీ గ్లాసులు అందిస్తుండగా నేను చేతిపంపు తీసి ఆయన టైర్లు రెండూ రాయిలా అయ్యేదాకా గాలి కొట్టాను. చెప్పలేదు. ఆయన క్షేమం కోసమే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? క్షేమం కోసమే అయితే చాటుగా ఎందుకు చేస్తాను?

కాసేపటికి కాలువ గట్టు ఎక్కాం. కంకర పరిచిన దారి. మెత్తని టైరు రాయిని హత్తుకుని దాటుతుంది, గట్టి టైరు రాయి మీంచి ఎగురుతుంది. ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాణ్ణి, ఒక్క క్షణం ఆలోచించి ఉంటే నాకు తట్టేదే. నేను నా సైకిలును నడిపించుకుంటూ వెనక వస్తున్నాను. మలుపులో ఆయన ముందుచక్రం జారింది. సైకిలు గట్టు మీదే ఉండిపోయింది, ఆయన వాలు మీద దొర్లి కింద పడ్డారు. తుంటి ఎముక విరిగింది.

అందరూ ఆయన వైపు పరుగెత్తారు. నేను సైకిలు వైపు వెళ్లాను. టైర్లు నన్ను పట్టిస్తాయన్న భయం. రెండు వాల్వులూ నొక్కి, మునుపటంత మెత్తబడేదాకా గాలి వదిలేశాను. ఆ చప్పుడు కాలువ అవతలి దాకా వినిపించిందేమో అనిపించింది. తలెత్తితే ఆయన కళ్లు నా వైపే తెరుచుకుని ఉన్నాయి. చూశారా? లేక అవి నొప్పితో తెరుచుకున్న కళ్లేనా?

ఆసుపత్రిలో ఆయనే అడిగారు.

"మాష్టారూ, పడ్డాక గాలి పోతున్న చప్పుడు విన్నానండి. టైరు గానీ పంక్చరయిందా?"

"లేదు. టైర్లు బాగానే ఉన్నాయి. మీకు అలా అనిపించి ఉంటుంది."

"అంతేలెండి. చేతుల్లో పట్టు పోయింది, చెవులు కూడా పోతున్నట్టున్నాయి."

ఎముక అతుక్కుంది. కానీ ఆయన మళ్లీ సైకిలు ఎక్కలేదు, స్కూటరూ ముట్టుకోలేదు. వ్యాపారం కోసం చేపల చెరువుల మీదికి వెళ్లడం మానుకున్నారు. ఎవరేమన్నా, తను సరిగ్గానే విన్నానా అని పక్కవాళ్లను అడుగుతారు. అడిగినప్పుడల్లా నా వైపు చూస్తారు. చూస్తారని నాకనిపిస్తుంది.

ఈమధ్య ఆ సైకిలును మా ఇంటికి పంపించారు. "మీరైతే పద్ధతిగా చూసుకుంటారు" అని కబురు. ఇది కానుకా, ప్రశ్నా? వరండాలో నిలబెట్టి ఉంది. దాని పక్కనుంచి నడవలేక పెరటి గుమ్మం నుంచి రాకపోకలు సాగిస్తున్నాను. టైర్లలో గాలి లేదు. ఎంత కొట్టాలో ఇప్పుడు నాకు తెలుసు, చెయ్యే రావడం లేదు.

రేపు ఆయన ఫోను చేసి అడిగితే ఏమంటానో చెప్పలేను. నా నాలుకను నేనెరుగుదును. అది మళ్లీ అంతే పద్ధతిగా అబద్ధం ఆడవచ్చు. అందుకే ఆయనకు ఇవ్వవలసిన జవాబు ముందు ఇక్కడ రాస్తున్నాను.

మీరు సరిగ్గానే విన్నారు, నాగేశ్వరరావు గారూ. గాలి కొట్టిందీ నేనే, తీసిందీ నేనే.

 ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.