మా నూతి నీళ్ళ పరమాన్నం

మా ఊరి ఇంటికి పద్దెనిమిది గుమ్మాలని విశాఖపట్నంలో ఉన్నంత కాలం చెప్పుకున్నాను. నిజానికి తొమ్మిది. తుఫానుకు వెనక వసారా కూలాక అవీ తగ్గాయి. డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుందని కూడా చెప్పేవాణ్ణి. మాది పెంకుటిల్లు. డాబా ఎక్కడిది?

మావాడికి విశాఖలో ఉద్యోగం పోయి, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పని దొరికింది. అక్కడికి దగ్గర్లోనే మా ఊళ్ళో ఇల్లు ఖాళీగా ఉంది, అందరం అక్కడికే పోదామన్నాను. కోడలికి ఇష్టం లేదు. పాపను తీసుకుని రాజమండ్రి పుట్టింటికి వెళ్ళిపోదామని ఆమె ఆలోచన.

"ఆ ఉద్దానం వైపు కిడ్నీ జబ్బులంటారు కదా మావయ్యా. పాపకు ఆ నీళ్ళు పట్టమంటారా?" అని మొహం మీదే అడిగింది.

పాపకు ఐదేళ్ళు. మా ఆవిడ పోయాక నాతో కూర్చుని మాట్లాడే మనిషి ఆ పిల్ల ఒక్కతే. నా కోతలన్నీ నమ్మే మనిషి కూడా ఆ పిల్ల ఒక్కతే. రాజమండ్రి వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పటికి చూస్తానో.

"అది అటువైపు ఊళ్ళ సంగతమ్మా. మన నుయ్యి వేరు. అవి నీళ్ళు కావు, కొబ్బరినీళ్ళు. మా నాన్న అవి తాగే నూరేళ్ళు బతికాడు" అన్నాను. మా నాన్న డెబ్బై దాటలేదు.

"మరి పెదమావయ్యగారు?"

"గుండె ఆగి పోయాడు."

ఇందులో అబద్ధం వెతికితే దొరకదు. ఎవరి గుండె అయినా చివరికి ఆగవలసిందే. మా అన్నయ్య పోయేనాటికి మావాడు ఎక్కడో పరాయి రాష్ట్రంలో పనిలో ఉన్నాడు. వాడికీ అప్పట్లో ఇదే చెప్పాను.

సామాను వ్యానుతో పలాస దాటేసరికి జీడిపిక్కలు కాల్చిన పొగ ముక్కులో ఘాటుగా ఎక్కింది. వజ్రపుకొత్తూరు రోడ్డున తలలు విరిగిన కొబ్బరిచెట్లు ఇంకా అలాగే నిలబడి ఉన్నాయి. ఇంటి తాళం తుప్పు పట్టిపోయి ఉంటే రాయి పెట్టి కొట్టాం. లోపల గబ్బిలాలు. ఉప్పుగాలికి గోడల సున్నం పొరలుపొరలుగా ఊడి నేల మీద పడి ఉంది. కోడలు చీరకొంగు ముక్కుకు కట్టుకుని చీపురు తీసింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

"తాతా, సముద్రం ఏదీ?" అంది పాప.

"పొద్దున్న వస్తుందిలే" అన్నాను.

మర్నాడు పాలు పొంగించాం. కోడలు తనే చేదతో నీళ్ళు తోడి పరమాన్నం వండింది. చుట్టుపక్కలవాళ్ళను పిలిచాం. అందరూ వచ్చారు, అరుగు మీద కూర్చున్నారు, ఆకుదొప్పలు అందుకున్నారు. ఒక్కరూ నోట పెట్టలేదు. ఎవరి పక్కన వాళ్ళ నీళ్ళసీసా ఉంది.

"మనమంటే వీళ్ళకేమైనా కోపమా మావయ్యా?" అని కోడలు చెవిలో అడిగింది.

"మొహమాటం" అన్నాను.

ఎందుకో నాకు తెలుసు. ఏ నీళ్ళతో వండారో తెలియని ఇంట్లో మావాళ్ళు తినరు. అలాగని అడిగి నొప్పించరు. దొప్ప పట్టుకుని కబుర్లు చెప్పి, ఇంటికి పట్టుకెళ్ళి ఏ దూడకో పెడతారు.

అంతలో అక్కుపల్లి నుంచి మా వదిన ఆటో దిగింది. అన్నయ్య పోయాక ఆమె తమ్ముడింట్లో ఉంటోంది. మొహమాటం ఆవిడకు లేదు.

"ఏ నీల్లతో వొండినావమ్మా?"

"మన నూతి నీళ్ళేనండీ. మంచివని మావయ్యగారే చెప్పారు."

వదిన నావైపు తిరిగింది. "ఏటి మరిదీ, నువ్వు సెప్పినావా? మీ అన్నని ఆటోలో ఏసుకుని డయాలిసిస్‌కి తిప్పి తిప్పి నా నడుం పడిపోనాది. నీకు తెల్దేటి?"

"నీళ్ళవల్లేనని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు కదా వదినా."

"తేల్సనేదు. ఈలోగా మనిసి ఎలిపోనాడు."

పక్కింటి రైతు గొంతు సవరించుకున్నాడు. "ఇన్నాల్లూ నీ కోతలు మా సెవుల్లో పోసినావు. ఇప్పుడు కడుపుల్లో పోత్తన్నావేటి మావా?" ఎవరో నవ్వబోయి ఆపేశారు.

అప్పుడు చూశాం పాపను. దొప్ప ఖాళీ చేసి, వేళ్ళు నాకుతూ, ఇంకొంచెం కావాలని నిలబడి ఉంది.

కోడలు ఆ దొప్పను మెల్లగా లాక్కుంది. ఒక్క దొప్పతో ఏమీ కాదని వదిన ఎంత చెప్పినా ఆమె వినలేదు. గిన్నెడు పరమాన్నం కొబ్బరిమొద్దు దగ్గర పారబోసింది.

మధ్యాహ్నం అందరూ వెళ్ళాక నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఇంకా విప్పని పెట్టెలు గుమ్మం దగ్గరే ఉన్నాయి.

"ఇంకేం దాచారు మావయ్యా? ఇప్పుడే చెప్పండి. ఉండాలో వెళ్ళాలో నేను తేల్చుకోవాలి."

చెప్పాను. గుమ్మాలు, డాబా, మా నాన్న వయసు, అన్నీ. చివర్న, పాపకు పక్క వేసిన వీధిగదిలోనే అన్నయ్య మంచాన పడి ప్రాణం వదిలాడని చెప్పాను. ఆమె పెట్టెలకేసి చూసింది.

"ఈ ఏడాది బడి అయ్యేదాకా చూస్తాను. ఆ తర్వాత మాట ఇవ్వలేను. తినేదీ తాగేదీ ఇకనుంచి పెదత్తయ్యగార్ని అడుగుతాను. మిమ్మల్ని అడగను" అంది.

పాప పక్క నడిమింట్లోకి మార్చింది. వీధిగదిలో నేను పడుకుంటున్నాను. పొద్దున్నే నీళ్ళడబ్బాల ఆటో హారను కొడుతుంది, కోడలు వెళ్ళి తెచ్చుకుంటుంది.

నూతి మీద రేకు కప్పి, పాత రుబ్బురోలు నేనొక్కణ్ణే ఎత్తి పెట్టాను. లేదు, మావాడూ పక్కింటి రైతూ ఎత్తారు. నేను రేకు అంచు పట్టుకున్నాను.

పాప వచ్చి రోలు మీద చెయ్యి వేసి అడిగింది. "తాతా, ఇందులో ఏముంది?"

"నీళ్ళు" అన్నాను.

నేనింకేదో చెబుతానని కాసేపు నిలబడి, లోపలికి వెళ్ళిపోయింది.