నీళ్ల సీసాలో థర్మామీటరు

లెబనాన్ పాత వైన్లు కరోనా కాలంలో ఉడికిపోయాయని ఎవరైనా చెబితే నమ్మకండి. అజ్మాన్‌లో మా తెలుగువాళ్లు నలుగురు కలిసిన చోటల్లా ఈ కథ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. హోటలు మూసేశారట, ఏసీ మెకానిక్ నిద్రపోయాడట, చల్లటి గది పొయ్యిలా మారిందట, ఇరవై ఏళ్ల వైన్లు కషాయమయ్యాయట. చెప్పేవాళ్లలో ఒక్కరు కూడా ఆ గదిలో అడుగుపెట్టినవాళ్లు కాదు. ఆ గది తాళంచెవి నా దగ్గర ఉండేది.

2016లో రాస్ అల్ ఖైమాలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక హోటల్లో సెల్లార్ సూపర్‌వైజరుగా చేరాను. 2023లో, యాభై మూడో ఏట, అక్కడి నుంచే ఉద్యోగ విరమణ చేశాను. సెల్లార్ అంటే కింది అంతస్తులో, కిటికీలు లేని ఒక గది. వచ్చిన సరుకు సరిచూసుకోవడం, వైన్లను నిలవ చేయడం, పైనుంచి అడిగిన సీసాను తాగడానికి సిద్ధంగా పంపడం నా పని. నా పైన బెవరేజ్ మేనేజరు. హోటలు మొత్తానికి తాగే వస్తువుల పెద్ద ఆయనే.

నెల్లూరులో కెమిస్ట్రీ డిగ్రీ, హైదరాబాదులో హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేసిన ఆడది సారా కొట్టుకు కాపలా కాస్తోందని మావాళ్లు వెనకాల నవ్వుకునేవారు. ఒకావిడైతే ఎదురుగానే అనేసింది.

"ఏం వదినా, సాయంత్రం నడిచే వస్తావా, మోసుకొస్తారా?"

"మీ ఆయన్ని మోసుకొచ్చే బండిలోనే వస్తాలేమ్మా" అన్నాను. ఆవిడ మళ్లీ అడగలేదు.

ఈ వృత్తిలో రుచి చూడడమంటే నోట్లో పోసుకుని, నాలుకంతా తిప్పి, ఊసెయ్యడం. దానికీ తాగడానికీ ఎంత దూరమో, పెళ్లిభోజనం వండడానికీ పెళ్లి చేసుకోవడానికీ అంత దూరం.

ఆ సెల్లారులో ఒక మూల రాక్ నిండా లెబనాన్‌లోని బెకా లోయ ఎర్ర వైన్లు ఉండేవి. ఒకే తోటవి, ఆరు సంవత్సరాలవి: 1998, 1999, 2001, 2003, 2004, 2006. ద్రాక్ష కోసిన ఏడాదిని వింటేజ్ అంటారు. ఒకే తోటలోని వేర్వేరు వింటేజ్‌లను వరసగా పేర్చి పోల్చడాన్ని వర్టికల్ అంటారు. మొత్తం నలభై ఆరు సీసాలు. అన్నిటినీ పడుకోబెట్టి, లేబుల్ పైకి కనబడేలా పెట్టేదాన్ని. పడుకోబెడితే బిరడా తడిగా ఉంటుంది, గాలి దూరదు. పద్నాలుగు డిగ్రీలు, చీకటి, కదలిక లేకపోవడం. ఇంతకుమించి వాటికేమీ అక్కర్లేదు.

మా నెల్లూరోళ్లకు పాత బియ్యం సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కొత్త బియ్యం ముద్దవుతుంది, ఏడాది మాగితే మెతుకు మెతుకూ విడివిడిగా నిలబడుతుంది. ఎర్ర వైనులో వయసుతో మారేది వగరు. కొత్తలో పచ్చి నేరేడుకాయ కొరికినట్టు నాలుక పట్టేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వగరు సీసా అడుగున మడ్డిగా పేరుకుంటుంది. పైన మిగిలింది నెమ్మదిస్తుంది. పాతపడిన లెబనాన్ వైనుకు రంగు ఇటుక వైపు తిరుగుతుంది. మూత తీయగానే కాస్త పులుపు, కాస్త తోలు చెప్పుల వాసన. అప్పుడే దాన్ని తిట్టేవాడు తొందరపాటు మనిషి. ముందురోజే సీసాను నిలబెట్టి మడ్డిని అడుక్కి దిగనివ్వాలి. తర్వాత మెడ కింద దీపం పెట్టి చూసుకుంటూ, మడ్డి కదలకుండా వేరే గాజుపాత్రలోకి మెల్లగా వంచాలి. గంట ఆగాలి. అప్పుడుగానీ అది నోరు విప్పదు.

ఇదంతా నాకు నేర్పింది పుస్తకాలు కాదు, అబూ జాద్ అనే లెబనాన్ పెద్దాయన. రాస్ అల్ ఖైమా రాళ్ల క్వారీల్లో సర్వేయరుగా పనిచేసి రిటైరైన మనిషి, మా హోటలుకు పాత అతిథి. ఆ సీసాలను హోటలు చేత కొనిపించింది ఆయనే. 2020 ఫిబ్రవరిలో మూడు వింటేజ్‌లవి ఒక్కొక్క సీసా తెరిపించారు. నన్నూ ఎదురుగా కూర్చోబెట్టారు. 1999లో ఎండు అంజీరు, పాత చెక్క బీరువా తెరిచిన వాసన. 2003లో ఖర్జూరం ఉడికించినంత తీపి వాసన, నోట్లో మాత్రం తీపి లేదు. 2006 ఇంకా మొండిగానే ఉంది. ఆ వేసవిలో వాళ్ల దేశంలో యుద్ధం. కోతకు మనుషులు దొరకలేదని ఆయన చెప్పారు. "దీన్ని నిద్రపోనీ, బింతీ. ఇంకా కోపంగా ఉంది" అన్నారు. బింతీ అంటే అమ్మాయీ అని. ఆ ఒక్కరోజే నేను ఊసే గిన్నె ముట్టలేదు.

రెండేళ్లాగి ఆరింటినీ ఒకేసారి తెరవాలని అనుకున్నాం.

మార్చిలో హోటలు మూశారు. నేను అజ్మాన్‌లో ఇంట్లో చిక్కుకుపోయాను. హోటల్లో మిగిలింది కాపలావాళ్లు, మెయింటెనెన్స్ వాళ్లు నలుగురైదుగురు. వాళ్లలో రాజన్న ఒకడు. జగిత్యాల దగ్గర పల్లె, చల్లదనం యంత్రాల టెక్నీషియను. సెల్లార్ లాగ్ షీటు రాయడం అతనికి అప్పగించారు. ఆ షీటులో రెండు వరసలు. ఒకటి గాలి వేడి, తలుపు పక్కనున్న మీటరు చెప్పేది. రెండోది సీసా వేడి. ఖాళీ వైను సీసాలో నీళ్లు నింపి, అందులో థర్మామీటరు దించి, ఆ మూల రాక్ మధ్యలో పెట్టాను. గాలి గంటలో వేడెక్కుతుంది, సీసాలోని ద్రవం అంత త్వరగా వేడెక్కదు. వైనుకు ఏం జరుగుతోందో చెప్పేది రెండో వరసే.

రాజన్న రోజూ రెండుపూటలా రాసి, ఫొటో తీసి పంపేవాడు. జులైలో ఒక మధ్యాహ్నం ఫోను చేశాడు.

"అక్కా, చిల్లర్ ట్రిప్ అయింది. ముదీర్‌కు ఫోన్ జేస్తే లేపుతలేడు. ఏం జెయ్యాలె?"

చిల్లర్ అంటే గదిని చల్లబరిచే యంత్రం, ముదీర్ అంటే మేనేజరు. దుప్పట్లు తడిపి మూల రాక్ మీద కప్పమన్నాను. ఐస్ మిషనులో ఉన్నదంతా టబ్బుల్లో తెచ్చి చుట్టూ పెట్టి, తలుపు మూసెయ్యమన్నాను. అతను అవన్నీ చేసి యంత్రం ముందు కూర్చున్నాడు. దాన్ని బాగుచేసేసరికి నాలుగు గంటలు పట్టింది. గాలి ఇరవై ఏడుకు పోయింది. నీళ్ల సీసా పద్నాలుగు నుంచి పదిహేడుకు వచ్చి ఆగిపోయింది. పదిహేడుకు ఏ వైనూ చావదు.

సాయంత్రం మళ్లీ ఫోను. "ఇది గూడ రాయాల్నా అక్కా? పద్నాలుగని రాసి పడేస్త. ఎవడు జూస్తడు?"

"రాయి రాజన్నా. ఉన్నది ఉన్నట్టు రాయి. కాగితం అబద్ధమాడితే రేపు సీసాల్ని ఎవడూ నమ్మడు."

నేను చెప్పిన మాటే. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

2021 మొదట్లో కొత్త బెవరేజ్ మేనేజరు వచ్చాడు. యూరప్ మనిషి, దుబాయ్‌లో పెద్ద హోటళ్లలో చేశానని చెప్పుకునేవాడు. అతనికి కొత్త వైన్ జాబితా కావాలి, దానికి రాక్‌లు ఖాళీ కావాలి. మే నెలలో ఒకరోజు పదకొండు గంటలకు ఫోను చేసి, లెబనాన్‌వి మూడు సీసాలు వెంటనే పైకి తెమ్మన్నాడు. నిన్న చెప్పి ఉంటే నిలబెట్టి ఉంచేదాన్నని చెప్పాను. మంచి వైనుకు ఉపోద్ఘాతం అక్కర్లేదన్నాడు. 1998, 2001, 2003 తీసుకెళ్లాను. లిఫ్టులో, ట్రాలీలో ఊగుకుంటూ వెళ్లి నిలబడ్డాయి. బిరడాలు పీకి, పాత్రలోకి వంచకుండా, నేరుగా గ్లాసుల్లో పోయించాడు. మడ్డి లేచి పులుసులా ఉంది. మూడింటినీ ఒక్కొక్క గుక్క నోట్లో వేసుకుని ఊసేశాడు. ఉడికిపోయాయన్నాడు.

నేను వాదించాను. వాదించడం నాకు కొత్తకాదు, అతనికీ ఆ సంగతి తెలుసు. ఉడికిన వైనుకు మూడు గుర్తులుంటాయి: బిరడా పైకి తోసుకొస్తుంది, మూతరేకు కింద జిగటగా కారుతుంది, వాసన అడుగంటిన జాములా ఉంటుంది. ఇక్కడ ఒక్కటీ లేదని చూపించాను. గంట ఆగి చూడమన్నాను. అతను లాగ్ షీటు తీసి ఇరవై ఏడు అన్న అంకె మీద వేలు పెట్టాడు. ఇక చాలు అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను కిందికి వెళ్లిపోయాను. అతను అక్కడే కూర్చుని రిపోర్టు రాసుకున్నాడు.

గంటన్నర తర్వాత గ్లాసులు తీయడానికి నేనే వెళ్లాను. 2001, 2003 పోసినవి పోసినట్టే ఉన్నాయి. 1998 గ్లాసు ఖాళీ. అడుగున మడ్డి గీత, అంచున పెదవుల మరక. ఊసే గిన్నెలో ముందు ఊసిన మూడు గుక్కలు తప్ప మరేమీ లేదు. ఆ బల్ల దగ్గర ఇంకెవరూ కూర్చోలేదని కాఫీ ఇచ్చిన అమ్మాయి చెప్పింది.

రెండు రోజులకు కాగితం వచ్చింది. చెడిపోయిన సరుకును రద్దు చేయాలంటే మూడు సంతకాలు కావాలి. మేనేజరుది, లెక్కలు చూసే కంట్రోలరుది, సెల్లార్ సూపర్‌వైజరుది. కారణం అన్న గడిలో టెక్నీషియను నిర్లక్ష్యం వల్ల గది వేడెక్కిందని ఉంది. జతచేసిన కాగితంలో గాలి వరస మాత్రమే ఎక్కించారు. సీసా వరస లేదు. అదేమిటని అడిగాను. అతను గొంతు పెంచలేదు. సీసా వరస నిజమైతే గది తప్పు లేదన్నమాట, అప్పుడు నిలవ చేసిన మనిషి తప్పని రాద్దామా అన్నాడు. వైను చెడిపోయిందన్నది మాత్రం మార్చడానికి వీల్లేదట. చెడగొట్టింది ఎవరో ఎంచుకోమన్నాడు, అంతే.

ఆ నెలలో హోటల్లో ప్రతి డిపార్టుమెంటు నుంచీ పేర్లు తీసేస్తున్నారు. అబుదాబి దగ్గర ముసఫ్ఫాలో మా ఆయన పనిచేసే వర్క్‌షాపు అంతకు ముందు ఏడాదే మూతపడింది. ఇద్దరి వీసాలూ నా ఉద్యోగం మీదే ఉన్నాయి. ఇవి కారణాలు. సాకులని మీరంటే కాదనను. కూరగాయల బండివాడితో పావుగంట వాదించగల నేను, ఖాళీ గ్లాసు సంగతి నాలుక చివర ఉండగా, పెన్ను తీసి సంతకం పెట్టాను.

రాజన్న సెల్లార్ తలుపు దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు.

"నువ్వు జెప్పినట్టే రాసిన గదా అక్కా. ఇరవై ఏడంటే ఇరవై ఏడే రాసిన. కిచెన్ల ఫ్రీజర్ కాయితం జూడు, నాలుగు నెలలు మైనస్ పద్దెనిమిదే ఉంటది, ఒక్క అంకె మారది. ఆనికేం గాలే. నాకు ఖలాస్."

ఏం చెప్పానో చెప్పుకోదగ్గది కాదు. పైవాళ్లతో మాట్లాడతానన్నాను. అతను నవ్వాడు. "మాట్లాడుడు నీకు బాగొస్తది" అన్నాడు. జూన్‌లో వీసా రద్దు చేసి పంపేశారు.

రద్దయిన మద్యాన్ని సెక్యూరిటీ వాళ్ల ఎదుట కాలవలో పారబోయాలి. కిచెన్ వెనక, పొద్దున తొమ్మిదింటికి, నలభై సీసాలు నా చేత్తోనే పారబోశాను. ఒక్కొక్కటి తెరిచి వాసన చూసి మరీ పోశాను. సెక్యూరిటీ అతను విసుక్కున్నాడు. "యల్లా మేడం, పారబోసేదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటారేంటి?" వినిపించుకోలేదు. ఒక్క సీసాకు బిరడా బూజుపట్టి తడిసిన అట్టపెట్టె వాసన కొట్టింది. ఏ సెల్లారులోనైనా అలాంటిది ఒకటి ఉంటుంది, దానికీ వేడికీ సంబంధం లేదు. మిగతా ముప్పై తొమ్మిదీ బతికే ఉన్నాయి. 2001లో ఎండబెట్టిన నారింజ తొక్క. 2004లో చింతపండు నానేసిన నీళ్ల వాసన, వెనకాల ఏదో పువ్వు. 2006ను కింద పోస్తుంటే సిమెంటు వేడికి వాసన ఒక్కసారిగా లేచింది. కోపం పోయింది దానికి. ఏడాదికే మెత్తబడింది. పెద్దాయన లెక్క ఒక్క ఏడాది తప్పింది.

చలికాలంలో అబూ జాద్ వచ్చారు. కాగితంలో ఉన్నదే చెప్పాను. ఆయన నా మొహం చూసి టీ తెప్పించుకున్నారు. ఆ తర్వాత మా హోటలుకు రాలేదు.

ఇందులో నేర్చుకున్నది ఒక్కటే, అది వైను గురించి కాదు. కింది ఉద్యోగిని నిజం రాయమని చెప్పే అధికారి, ఆ నిజం పక్కన తన సంతకం కూడా ఆ రోజే పెట్టాలి. జులై నాటి ఆ వరస కింద నా సంతకం లేదు. నేను ఇంట్లో ఉన్నాను, ఫొటో చూసి సరేనన్నాను, షీటు మీద పెట్టాలని తర్వాత కూడా తోచలేదు. మొత్తం వ్యవహారంలో నా సంతకం ఉన్నది రద్దు కాగితం మీద మాత్రమే. ఇప్పుడు ఎవరైనా ఫైలు తెరిస్తే రాజన్న తప్పు చేశాడనే ఉంటుంది, నేను ఒప్పుకున్నాననే ఉంటుంది. అజ్మాన్‌లో తిరిగే కథకు ఆ కాగితమే ఆధారం. వాళ్లను తిట్టే హక్కు నాకెంత ఉందో నాకు తెలుసు. అయినా తిడుతూనే ఉంటాను.

ఆ మేనేజరు ఇప్పుడు ఏ హోటల్లో ఉన్నాడో తెలియదు. ఎక్కడున్నా ఒక్క సంగతి అడగాలి. గంట ఆగమని నేనంటే చెయ్యి ఊపిన మనిషి, ఉడికిపోయిందని రిపోర్టు రాస్తూ, ఆ 1998 గ్లాసును మడ్డి దాకా ఎందుకు తాగాడు?