గాలికి దొర్లిపోయిన పుట్టి

మొన్న యాచారం పోయి వస్తూ పెద్దచెరువు కట్ట దగ్గర ఆటో దిగితే, రంగురంగుల ప్లాస్టిక్ షికారు పడవలను తాళ్లతో కట్టేసిన కుర్రవాడొకడు ఫోన్ చూసుకుంటూ, "తాతా, గాలి మస్తుంది, ఇయ్యాల బంద్" అన్నాడు. ఏ దిక్కు గాలిరా అంటే మళ్లీ ఫోనే చూశాడు. మొహాన కొడుతున్న గాలిని ఫోనులో వెతికే కాలం వచ్చిందే అని ఒళ్లు మండింది. కానీ నీటి వైపు తిరిగేసరికి ఆ కోపం ఎటు పోయిందో, కళ్లముందు మా బావ నిలబడ్డాడు.

అప్పటికి నాకు ఇరవై నిండలేదు. బడి మొహం చూడకపోయినా పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి కనుక, నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. మా అక్క భర్త చేపలు పట్టేవాడు. ఆయన బతుకుదెరువంతా ఒక్క వెదురు పుట్టి, తారు పూసిన పెద్ద గంపలాంటిది. వానకాలంలో వలలు వేసి, చెరువు నడుమ రాళ్లదిబ్బ మీదే రెండు రోజులుండి రావడం ఆయనకు అలవాటు. ఆ ఏడు నన్నూ తీసుకుపోయాడు.

దిబ్బ చేరగానే పుట్టిని బోర్లించి అంచుల మీద రాళ్లు పెట్టాలి; రాత్రికి అదే ఇల్లు. ఆ పని నాకు చెప్పి బావ కట్టెలేరడానికి పోయాడు. అడుగు తడిగా ఉంది, ఆరితే మంచిదని, నేను నా తెలివికొద్దీ దాన్ని బండకు నిలువుగా ఆనించాను. పడమటి గాలి ఒక్క ఊపున వచ్చింది. పుట్టి బండిచక్రంలా లేచి, దిబ్బంతా దొర్లి, నీళ్లలో పడి, పళ్లెంలా తేలుతూ తూర్పుకు పోయింది. అది పోతే అక్క ఇంట పొయ్యి వెలగదు. వెనకే దూకబోతే బావ నడుము పట్టి ఆపాడు.

అటువంటి చెరువును నేను అంతవరకు చూడలేదు. బూడిదరంగు నీళ్లు గట్లుగట్లుగా లేచి, నురుగు తెగి గాలిలో ఎగురుతూ, కింద బండలు డప్పుల్లా మోగుతుంటే, బావ నన్ను ఒక్క మాట తిట్టకుండా చీకటి పడేదాకా అలలనే చూస్తూ కూర్చున్నాడు. చివరికి నా చెవి దగ్గర నోరు పెట్టి, "తూర్పు మూలకు మునిగిన తుమ్మలున్నయి, గాలి దాన్ని గాడనే పెడ్తది. తెల్లారంగ గాలి పండుకుంటది, ఫికర్ జెయ్యకు" అన్నాడు. కప్పులేని దిబ్బ మీద ఇద్దరం ఒకే గొంగడిలో ముడుచుకున్నాం.

తెల్లవారేసరికి గాలి నిజంగానే పడుకుంది. బావ వల మునగకుండా కట్టిన ఎండు సొరబుర్రలు విప్పి నా నడుముకు చుట్టి, తెడ్డు వీపుకు కట్టాడు.

"పోగొట్టింది నువ్వు, తెచ్చేది గూడ నువ్వే బామ్మర్ది. సదువుకున్నోనివి గదా!"

ఈదుకుంటూ పోయాను. రెండు తుమ్మల నడుమ, ఎవరో దాచిపెట్టినట్టు, పుట్టి ఉంది. అందులో ఒక కొంగ నిలబడి నన్నే చూస్తోంది. కొమ్మ పట్టుకుని ఎంతసేపు వేలాడానో! దండం పెట్టాలనిపించింది, గాలికో, బావకో తెలియలేదు.

బావ పోయి చాలా కాలమైంది. చెరువు ఏండ్ల తరబడి ఎండి, మళ్లీ నిండింది. ఈ లోపల తూర్పు తుమ్మలు కొట్టేసి ప్లాట్ల రాళ్లు పాతారు. నీళ్లు అక్కడికొస్తే తప్పు చెరువుదేనట! మొన్న ఆ కుర్రవాడి పడవల తాళ్లు ఒక్కొక్కటీ లాగి చూశాను. పడమటి గాలి అప్పటిలాగే కొడుతోంది. కానీ వాడి పడవ ఒకటి తాడు తెంపుకుని పోతే, ఎక్కడ వెతకమని చెప్పాలో ఇప్పుడు నాకూ తెలియదు.