డోర్నకల్ కీమ్యాన్

తెలంగాణ కోసం మేం డిగ్రీ విద్యార్థులం డోర్నకల్ అవతల పట్టాల మీద కూర్చున్న రోజు రైళ్లన్నీ ఆగిపోయాయి. ఒక్క కీమ్యాన్ తాత ఆగలేదు. పట్టాను బిగించి ఉంచే ఇనుప చావీలను సుత్తితో కొట్టి చూస్తూ మైళ్లకు మైళ్లు నడవడం ఆయన పని. కొట్టిన ప్రతిసారీ, జ్వరం చూసినట్టు అరచేత్తో పట్టాను తాకేవాడు.

"జర లే బిడ్డా, నీ కింద చావి ఉన్నది" అన్నాడు నా దగ్గరికొచ్చి.

"బండ్లే బందైనయి గదా తాతా, ఎవరి కోసం కొడ్తున్నవ్?"

"రేపు మీరే ఎక్కుతరు గదా. నాకు చెవులు మందం బిడ్డా, మీరు లేచి పోయేటప్పుడు జర చెప్పుండ్రి."

"అట్లనే, ఆఫీసర్ సాబ్!" అన్నాను. అందరూ నవ్వారు, ఆయన కూడా.

సాయంత్రం నినాదాలిస్తూ లేచి చాయ్‌కి పోయాం. మలుపు అవతల వంగి పనిచేస్తున్న ఆయనకు చెప్పాలని ఎవరికీ గుర్తు రాలేదు. మొదట వచ్చిన గూడ్సుబండి ఆయన్ను తీసుకుపోయింది.

విచారణ కాగితంలో అజాగ్రత్త ఆయనదేనని రాశారు. రాష్ట్రం కోసం ఢిల్లీ దాకా వినతిపత్రాలు రాసినవాణ్ని నేను. ఆ మాట తప్పని మాత్రం ఒక్క ముక్క రాయలేదు.