లిండా ఆంటీ పెట్టిన మెలిక

ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి తెలియని విషయం ఉండదు. ఆ రోజుల్లో (మరీ పాత రోజులేమీ కావు, అందరి చేతికీ స్మార్ట్‌ఫోన్ వచ్చాకే) నేను కోయంబత్తూరులో ఒక బేకరీ మేడ మీద కూర్చుని కెనడా గృహిణులకు పొదుపు నేర్పేవాణ్ణి. మా వెబ్‌సైటులో నా పేరు లిండా ఆంటీ. నాకు ముగ్గురు పిల్లలు, ఒక పాత వ్యాను, మంచు ఎత్తిపోసే పార ఉండేవి. పారను ఏప్రిల్లో కొనండి అని రాసేవాణ్ణి. చలికాలపు టైర్లను ఎండల్లో బేరమాడండి, పక్క షాపు కరపత్రం చూపించి అదే ధరకు ఇమ్మని నిలదీయండి అని రాసేవాణ్ణి. నాకు తెలిసిన మంచల్లా మా ఫ్రిజ్ పై అరలో పేరుకునేదే, దాన్ని మా అత్త గరిటెతో పొడిచేది. మా యజమానిని చాటుగా కెనడా సార్ అనేవాళ్ళం. ఆయనా కెనడా చూడలేదు. "ఫీల్ వరణుం, తంబి" అంటూ, మాకు కెనడా చలి తెలిసిరావాలని ఏసీని పదహారులో పెట్టేవాడు. మేమంతా తువ్వాళ్ళు కప్పుకుని టైపు చేసేవాళ్ళం.

ఉండేది మాత్రం తిరుప్పూరులో, మామ ఇంట్లో. తరాలుగా తమిళనాడులో ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవాళ్ళం మేము. నాన్న పోయాక అమ్మనూ నన్నూ తెచ్చుకుని తన దగ్గర పెట్టుకున్న మేనమామ ఆయన. ఇంటి వెనక రేకుల షెడ్డులో పన్నెండు కుట్టుమిషన్లు, వాటి ముందు పన్నెండు మంది ఆడవాళ్ళు, ఒక ఏజెంటు ద్వారా కెనడాకు పోయే టీషర్టులు. నా కాలేజీ ఫీజు కూడా ఆ షెడ్డులోంచే వచ్చింది. సాయంత్రాలు నేను చొక్కాలు మడతపెట్టడానికి కూర్చుంటే మామ ఒకదాన్ని ఉతికి, ఆరబెట్టి, భుజాలు పట్టుకుని చూపించేవాడు. చంక కింద నిలువుగా దిగాల్సిన కుట్టు ఒరిగి పొట్ట మీదికి వచ్చేది. "ఇదో చూడు కన్ను, మెలిక పడిండాది" అనేవాడు (కన్ను అంటే నేనే, అక్కడి ముద్దుపిలుపు). లోకమంతా దాన్ని మెలికే అంటుందనుకున్నాను. షెడ్డులో తమిళం మాట్లాడేవాళ్ళు వేరే మాట అంటారని గానీ, ఇంగ్లీషులో దానికింకో పేరుందని గానీ నేను పట్టించుకోలేదు.

ఒక వారం కెనడా సార్ ఎవరూ రాయనిది ఏదైనా రాయమన్నాడు. నేను గర్వంగా నా మూట విప్పాను. చొక్కాలో లోపాన్ని ఒక్క ఉతుకుతో పట్టుకోవడమెలా, పట్టుకున్నాక షాపువాణ్ణి సగం ధరకు దించడమెలా అని రాశాను. ఆ లోపానికి ఇంగ్లీషు మాట తోచక మెలిక అన్న మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, ఈ వ్యాపారంలో దీన్ని ఇలాగే అంటారని దబాయించాను. కెనడా సార్ అక్కడ ఆగి, "ఇది ఫ్రెంచా?" అన్నాడు. (కెనడాలో ఫ్రెంచి కూడా మాట్లాడతారని ఆ వారమే తెలిసింది నాకు.) అవునన్నాను. ఆయన ఆ మాటను పరాయి మాటలకు వాడే వాలు అక్షరాల్లోకి మార్చాడు. వ్యాసం బ్రహ్మాండంగా ఆడింది. ఎవరో ఒకావిడ తన ఇంట్లో మూడు చొక్కాలకు మెలిక ఉందనీ, మూడూ షాపులో తిరిగిచ్చేశాననీ కింద రాసింది. ఆ ఆనందంలో ఆఫీసంతటికీ కింది బేకరీ నుంచి పఫ్‌లు తెప్పించాను.

మూడు నెలలు తిరగక ముందే, ఒక ఆదివారం మామ నా మంచం మీద కొన్ని కాగితాలు పెట్టాడు. ఏజెంటు ఇచ్చి పంపినవట. "దీంట్లో ఏమి రాసిండాదో చదివి చెప్పు కన్ను." పైది కెనడా షాపువాళ్ళ ఉత్తరం. చొక్కాలు కుప్పలుగా వాపసు వస్తున్నాయి, సిద్ధమైన సరుకును సగం ధరకిస్తే తీసుకుంటాం, లేదంటే మీరే ఉంచుకోండి అని ఉంది. దాని కింద సాక్ష్యంగా జతచేసినది నా వ్యాసం.

మామకు ఇంగ్లీషు అర్థం కాకపోయినా అక్షరాలు కూడబలుక్కోగలడు. వాలుగా ఉన్న మాట మీద వేలు పెట్టాడు. "ఇది మెలికే గదరా? మన ఇండ్లల్లో తప్ప ఎవురూ అనరే ఈ మాట. కెనడాలో మనోళ్ళు ఎవురో ఉండారు." సరుకు నిలిచిపోయిన మనిషి ముఖంలో, ఒక్క క్షణం, సంతోషం కనిపించింది. నాకు ఇప్పటికీ ఒంటికి కారం రాసినట్టుండేది ఆ సంతోషమే.

నేను రాసిన ప్రతి ముక్కనూ నేనే తెలుగు చేసి వినిపించాను. లిండా ఆంటీ ఎంత పొగరుబోతో అప్పుడు తెలిసింది. చివరి వాక్యం దగ్గర ఆగాను. దాటేయవచ్చు, ఆయనకు తెలియదు. కానీ చదివాను. "ఈ కిటుకు నాకు మా మామ నేర్పాడు అని ఉంది, మామా."

ఆయన నా ముఖం చూసి, కాగితాన్ని అందుకున్నాడు. తర్వాత దాన్ని చొక్కా మడిచినట్టే మడిచాడు.

"దీనికి నీకు ఎంత ఇచ్చినారు?"

"నాలుగు వందలు."

"పీస్ రేటా? ముక్కకు ఇంతనా?"

"అవును మామా."

"మాకూ అదే." లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "మెలిక ఎట్లా కనుక్కోవాలనేది బాగా రాసిండావు. ఎందుకు పడతాదో రాయలేదే."

ఎందుకు పడుతుందో నాకు తెలుసు. ప్రతి సీజనుకూ ఏజెంటు వచ్చి చొక్కాకు రెండేసి రూపాయలు తగ్గించమనేవాడు. మామ ముందు నూలు నాణ్యత తగ్గించాడు. ఆపైన, ఉతికినా ఒరగకుండా బట్టకు ఆవిరి పట్టించి బిగించే పని వదిలేశాడు. ఆ బేరం జరిగినప్పుడు వాళ్ళకు కాఫీ అందించింది నేనే. అయినా వ్యాసంలో అది పెట్టాలని తోచలేదు. లిండా ఆంటీ పాఠకులకు చవకగా దొరకడం కావాలి గానీ, ఎలా చవకైందో ఎందుకు?

సరుకు సగం ధరకే పోయింది. మరుసటి ఏడాదికి మిషన్లు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. ఆ పన్నెండు మందిలో ఎవరెక్కడికి వెళ్ళారో నేను అడగలేదు, సిగ్గు. మామ ఇప్పుడు ఇంకొకరి ఫ్యాక్టరీలో చొక్కాల కుట్లు తనిఖీ చేస్తాడు. లిండా ఎవరో అమ్మకు గానీ అత్తకు గానీ ఆయన ఈనాటికీ చెప్పలేదు.

తువ్వాలు కప్పుకుని పఫ్‌లు పంచిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే చెంప వాయించాలనిపిస్తుంది, అంతలోనే నవ్వూ వస్తుంది. పాపం, మెలికను ఫ్రెంచి చేశాడు. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ముప్ఫై దాటాక. మామకు అవి రావు. కాబట్టి వచ్చే ఆదివారం ఈ కథను కూడా ఆయనకు నేనే చదివి వినిపించాలి. ఈసారి మెలిక ఎందుకు పడుతుందో రాశాను.