కాబోయే మామగారితో కొండపల్లి అడవిలో

దారి తప్పినవాళ్ళని మీరు చాలామందిని చూసి ఉంటారు. చేతిలో మ్యాపు, మెడలో దిక్సూచి, నెత్తిన టార్చిలైటు, వెనకాల కాబోయే మామగారు, ఇన్ని ఉండి కూడా అడవిలో దారి తప్పినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. చూడాలని సరదాగా ఉంటే విజయవాడ ఆటోనగర్ వచ్చి ఖాదర్ అని అడగండి. స్పేర్ పార్టుల దుకాణంలో కౌంటర్ వెనక నిలబడి ఉంటాను. అయిదారేళ్ళయింది గానీ, ఇప్పటికీ ఎవరైనా "ఉత్తరం ఎటు?" అంటే నా గుండె ఒకసారి ఆగి కొట్టుకుంటుంది.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. మా కౌంటర్లలో ఒక నియమం ఉంది. కొనడానికొచ్చిన గిరాకీతో "లేదు" అనకూడదు. ఇరవయ్యేళ్ళ కిందట తయారీ ఆగిపోయిన బండికి గేరు అడిగినా సరే, "ఉందండి, రెండు నిమిషాలు కూర్చోండి" అని వెనకవైపు నుంచి పక్క దుకాణానికి పరుగెత్తాలి. అక్కడా లేకపోతే దాని పక్కదానికి. తొమ్మిదేళ్ళు ఇదే పని చేసేసరికి నా నాలుక దానికే అలవాటు పడిపోయింది. ఇంట్లో అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి "జ్వరం గానీ ఉందా?" అంటే, లేకపోయినా "ఉందండి" అనేసేవాణ్ణి.

అలాంటి నాకు చల్లపల్లి నుంచి సంబంధం వచ్చింది. మస్తాన్ వలీ గారని, హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఒక్కతే కూతురు, నస్రీన్. విజయవాడలోనే ఒక ల్యాబులో పనిచేస్తోంది. అంతకుముందు నాకు రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఒకళ్ళు పొట్టి అన్నారు, ఇంకొకళ్ళు గోళ్ళలో గ్రీజు ఉందన్నారు. పెళ్ళిచూపుల్లో నస్రీన్ అవేవీ అనలేదు. "పుస్తకాలు చదువుతారా?" అని అడిగింది.

"చదువుతానండి."

"ఏం చదువుతారు?"

"పార్టుల క్యాటలాగులండి."

ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఈ సంబంధం కూడా తప్పిపోతే ఇక పెళ్ళి మాటే ఎత్తొద్దని అమ్మకు చెప్పేశాను. మాస్టారు మాత్రం అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. వారం తర్వాత ఫోన్ చేశారు.

"బాబూ ఖాదర్, వచ్చే శనివారం కొండపల్లిలో మా పాత స్టూడెంట్లు నైట్ ఓరియంటీరింగ్ అని పెడుతున్నారు. ఇద్దరిద్దరు జట్టు. నాతో వస్తావా?"

"వస్తానండి."

"మ్యాపు చదవడం వచ్చా?"

"వచ్చండి."

"దిక్సూచి వాడటం?"

"ఉందండి."

ఫోన్ పెట్టేశాక, అదేమిటో కనుక్కోవడానికి ఊరంతా తిరిగాను. చీకట్లో, మ్యాపూ దిక్సూచీ పట్టుకుని, దాచిపెట్టిన జెండాలని వరసగా వెతికి పట్టుకునే ఆటట. అమ్మ ఒక్క మాటే అంది. "మనిషి సంగతి ప్రయాణంలో తెలుస్తుందంటారు. ఆయన ఆటకి పిలవడంలేదురా, నిన్ను చూడ్డానికి పిలుస్తున్నాడు." 

శనివారం మాకు గిరాకీ ఎక్కువ. అయిదింటికి ఓనర్‌ని బతిమాలుకుని, పని చొక్కాతోనే బస్సెక్కాను. కొండపల్లిలో ఒక స్కూలు గ్రౌండు దగ్గర పాతిక జట్లు నిలబడి ఉన్నాయి. ఫోన్లన్నీ కవర్లలో పెట్టి సీలు వేసి మళ్ళీ మా చేతికే ఇచ్చారు. సీలు తెంచితే జట్టు ఓడిపోయినట్టే. పది జెండాలు. నాలుగు ఊళ్ళో సందుల్లో, ఆరు కొండ కింద అడవిలో. తొమ్మిదిన్నరకల్లా తిరిగి రావాలి.

మాస్టారు దిక్సూచి నా మెడలో వేసి, మ్యాపు నా చేతికిచ్చి, "నువ్వే చూడు బాబూ" అని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. పరీక్ష మొదలైందని నాకు అర్థమైంది. మ్యాపు నిండా గోధుమరంగు గీతలు, పెద్ద వేలిముద్రలా ఉన్నాయి. ఏది రోడ్డో, ఏది కొండో, ఏది నా తలరాతో తెలియలేదు.

"అర్థమైందా?"

"అయిందండి."

ఊళ్ళో నేను కనిపెట్టిన పద్ధతి చాలా సులువు. ముందు టార్చి పట్టుకుని వెళ్ళేవాళ్ళ వెనకాలే నడవడం. అలా మూడు జెండాలు దొరికాయి. నాలుగోదాని కోసం ఒక జంట వెనకాల సందులన్నీ తిరిగి తిరిగి, వాళ్ళు గేటు తీసుకుని లోపలికి వెళ్తుంటే మేమూ వెళ్ళాం. అరుగు దాకా వెళ్ళాక ఆయన వెనక్కి తిరిగాడు.

"ఎవరు కావాలండీ?"

వాళ్ళు పోటీవాళ్ళు కారు. కరెంటు పోయిన సందులోంచి టార్చి వేసుకుని ఇంటికొస్తున్న భార్యాభర్తలు. నేను తడుముకోకుండా, "పై పోర్షన్ అద్దెకుందా అండీ?" అన్నాను.

"ఉంది. ఎంతమంది?"

ఆ ఇల్లు చూడక తప్పలేదు. మేడ ఎక్కి, వంటగది చూసి, నీళ్ళు బాగానే వస్తాయా అని అడిగి దిగాం. మాస్టారు ఒక్క మాట కూడా అనలేదు. మనసులో మార్కులు వేసుకుంటున్నారనుకున్నాను. గేటు దాటాక మాత్రం, "గాలి బాగా వస్తుందయ్యా" అన్నారు. అది మెచ్చుకోలో, ఎత్తిపొడుపో తెలిసి చావలేదు. నాలుగో జెండా అదృష్టం కొద్దీ ఆ సందు చివరే, కరెంటు స్తంభానికి కట్టి ఉంది.

తరవాత అడవి. వెనకాల నడుద్దామంటే మనుషులు లేరు. మిగతా జట్ల లైట్లు ఒక్కొక్కటే చెట్లలోకి వెళ్ళి ఆరిపోయాయి. ఇక దిక్సూచే దిక్కు. అయిదో జెండా దక్షిణాన ఉందని మ్యాపు మీద రాసి ఉంది. దిక్సూచి చేత్తో పట్టుకుని చూశాను. ఎర్రముల్లు ఉత్తరం చూపిస్తుందట. అది తిన్నగా నా ఛాతీ వైపు చూపిస్తోంది. అంటే ఉత్తరం నా వెనకాల, దక్షిణం నా ఎదురుగా. ఇంత తేలికా అనుకున్నాను. ఒక గుబురు అడ్డమొస్తే కుడికి తిరిగాను. ముల్లు మళ్ళీ నా ఛాతీ వైపే ఉంది. అంటే ఇదీ దక్షిణమే! ఎడమకి తిరిగాను. అదీ దక్షిణమే! ఎటు నడిచినా సరైన దారే అయితే ఇక తప్పిపోవడమేమిటని ధైర్యంగా నడిచాను.

అరగంట నడిచినా జెండా లేదు. "అయిదోది ఎవరో పీకేసినట్టున్నారండి, ఆరోదానికి పోదాం" అన్నాను. ఆరోది ఉత్తరాన ఉంది. అక్కడ వచ్చింది చిక్కు. నేను ఎటు తిరిగినా దక్షిణమే ఉంది, ఉత్తరం మాత్రం రాదు. కుడి నుంచి ఒకసారి, ఎడమ నుంచి ఒకసారి, చివరికి ఉన్నచోటే గిర్రున నాలుగు చుట్లు తిరిగాను.

"ఏంటయ్యా, అలా తిరుగుతున్నావు?"

"దిక్కులు సరిచూస్తున్నానండి."

"ఉత్తరం ఏది?"

"వస్తుందండి, రెండు నిమిషాలు."

మాస్టారు ఏమీ అనలేదు. అనరేం? రెండు తిట్టినా నాకు హాయిగా ఉండేది. తా దూర కంత లేదు, మెడకో డోలు అంటారు. నాకే దారి లేదు, వెనకాల మామగారు. అది కూడా ఇంకా కాని మామగారు.

తొమ్మిది దాటింది. ఎక్కడో పొదల్లో ఏదో పెద్ద జంతువు కదిలింది. అడవిపంది అనుకున్నాను, పైకి "గాలండి" అన్నాను. అంతలో వెనక రాళ్ళు జారిన చప్పుడు. తిరిగి చూస్తే మాస్టారు బండమీద కూలబడి మోకాలు పట్టుకున్నారు.

"దెబ్బ తగిలిందా మాస్టారూ?"

"పాతదేలే. నీళ్ళున్నాయా?"

"ఉన్నాయండి."

సీసా తీసిచ్చాను. ఆయన ఎత్తి నోట్లో వంపుకుని, ఒక్క చుక్కా రాక, సీసా దించి నావైపు చూశారు. ఆ చూపు నేనింకా మర్చిపోలేదు. గిరాకీకి పార్టు ఉందని చెప్పి కూర్చోబెట్టొచ్చు. అరవై దాటిన మనిషిని అడవిలో కూర్చోబెట్టి, లేని నీళ్ళు ఉన్నాయనడం ఏమిటి? నాకు నా మీదే అసహ్యం వేసింది. చాలా భయం కూడా వేసింది. ఈయనకేమైనా అయితే ఆ అమ్మాయికి ఏం చెప్పాలి?

ఫోన్ కవరు బయటికి తీశాను. తెంచితే పోటీ పోయె, సంబంధం పోయె. నస్రీన్ నవ్విన నవ్వు ఒకసారి గుర్తొచ్చింది. పోతే పోయిందిలే అని సీలు మీద గోరు పెట్టాను. మాస్టారు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"వద్దు! నా దగ్గర డ్రిల్లు నేర్చుకున్నవాళ్ళు వచ్చి నన్ను మోసుకెళ్ళడమా? పరువుంటుందా?"

"మోకాలో మాస్టారూ?"

"మోకాలు మానుతుంది. పరువు మానదు."

అప్పుడు లారీ హారన్ వినిపించింది. మ్యాపు మడిచి జేబులో పెట్టి, చెవులు నమ్ముకుని ఆ చప్పుడు వైపు నడిచాం. ఆయన చెయ్యి నా భుజం మీద వేయించుకున్నాను. కాసేపటికి మైలవరం రోడ్డు మీద తేలాం. అక్కడ ఛత్తీస్‌గఢ్ పోయే సిమెంటు లారీ ఒకటి ఆగి ఉంది. డ్రైవరు ఇంజన్లో తల పెట్టి తిడుతున్నాడు.

"ఏమైందన్నా?" అన్నాను.

"నట్టు జారి లోపల పడి చచ్చింది తమ్ముడూ. చెయ్యి పట్టట్లా. హారన్ కొట్టీ కొట్టీ విసుగొచ్చింది, ఒక్కడూ ఆగడు."

ఆ రాత్రి మొత్తం మీద నాకు నిజంగా తెలిసిన విషయం అదొక్కటే. చొక్కా జేబులోంచి పుల్ల తీశాను. పెన్నులా ఉంటుంది, లాగితే మూరెడు సాగుతుంది, కొసన అయస్కాంతం. ఇంజన్లో పడ్డ నట్లు తియ్యడానికి మా ఆటోనగర్లో ప్రతివాడి జేబులోనూ ఒకటి ఉంటుంది. జేబులో ఉందన్న సంగతి మనకే గుర్తుండదు. ఇంజన్లోకి వంగి, పుల్ల పెట్టి, నట్టు పైకి లాగాను. డ్రైవరు "శభాష్" అన్నాడు. మాస్టారు మాత్రం టార్చి నా మెడ మీదికి తిప్పారు.

"ఆ పుల్ల ఒకసారి ఎడంవైపు పెట్టు."

పెట్టాను. మెడలో వేలాడుతున్న దిక్సూచి ముల్లు ఎడంవైపు తిరిగింది.

"కుడివైపు."

కుడివైపు తిరిగింది.

"సాయంత్రం నుంచీ ఇది నీ జేబులోనే ఉందా?"

"ఉందండి."

ఆ రోజు మొత్తం మీద నేను చెప్పిన మొదటి నిజమైన "ఉందండి" అదే. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళాడని సామెత. నేను పెళ్ళి కుదుర్చుకోవడానికి వెళ్తూ అయస్కాంతాన్ని జేబులో పెట్టుకెళ్ళాను. పిల్లయితే కనీసం మ్యావ్ అని చెప్పేది.

ఇక దాచేదేముంది? రోడ్డు పక్కన నిలబడి మొత్తం కక్కేశాను. మ్యాపు చదవడం రాదని, దిక్సూచి ఎప్పుడూ పట్టలేదని, అయిదో జెండా ఎవరూ పీకలేదని, సీసా గంట కిందటే ఖాళీ అయిందని చెప్పాను. చెప్పి, ఏడుపు ఆపుకుంటూ, "మీరైనా ఒకసారి మ్యాపు చూసి ఉంటే బాగుండేది మాస్టారూ" అన్నాను.

ఆయన రోడ్డుకి అటువైపు చూశారు. తర్వాత ఆకాశం వైపు చూశారు.

"ఎలా చూడనయ్యా? చదువుకునే కళ్ళజోడు ఇంట్లో పెట్టి వచ్చాను."

"మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. కాబోయే అల్లుడి ముందు ముసలాడిలా ఉంటానని తీసుకురాలేదు. కుర్రాడు అన్నీ వచ్చంటున్నాడు గదా, నడిపిస్తాడులే అనుకున్నా."

నేను పరీక్ష అనుకున్న మౌనమంతా అదన్నమాట! ఆటో ఒకటి దొరికితే ఎక్కాం. స్కూలు ఇంకా ఫర్లాంగు ఉందనగా మాస్టారు ఆపించారు. "ఇక్కడే దిగుదాం. ఆటోలో వెళ్ళి దిగితే ఏం బాగుంటుంది?" ఫర్లాంగు దూరం కుంటుకుంటూ నడిచాం. గ్రౌండులో వెతకడానికి బయల్దేరబోతున్న జనం మమ్మల్ని చూసి పరిగెత్తుకొచ్చారు.

"ఏమైపోయారు మాస్టారూ? హడలి చచ్చాం!"

మాస్టారు మామూలుగా చెప్పారు. "దార్లో ఒక లారీ చెడిపోయి ఉంది. మా కుర్రాడు అది బాగుచేసిగానీ రాలేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను తలొంచుకున్నాను. దాన్ని వాళ్ళు వినయం అనుకున్నారు. జనం పలచబడ్డాక మాస్టారు నన్ను పక్కకి పిలిచారు. ఇక తేలిపోతుంది అనుకున్నాను. 

"ఈ రాత్రి సంగతి ఎంతమందికి తెలుసు?"

"ఆ డ్రైవరుకి కొంచెం తెలుసండి."

"అతను ఛత్తీస్‌గఢ్ పోతున్నాడు. ఇంకా?"

"నాకండి. ఎవరికీ చెప్పను మాస్టారూ, ఒట్టు."

"చెప్పనని నువ్వే అంటున్నావు. సాయంత్రం నుంచీ నువ్వన్న మాట ఒక్కటైనా నిజమైందా?" ఆయన వంగి మోకాలు రుద్దుకున్నారు. "బయటివాడి దగ్గర ఈ సంగతి ఉంటే నాకు నిద్ర పట్టదు. శుక్రవారం మీ అమ్మానాన్నల్ని తీసుకుని చల్లపల్లి రా. నిన్ను ఇంట్లో మనిషిని చేసేసుకోవడం తప్ప నాకు దారి లేదు."

పెళ్ళైన కొత్తలో నస్రీన్ అడుగుతుండేది. "ఎన్ని సంబంధాలొచ్చినా మా నాన్న ఒప్పుకోలేదు. ఆ రాత్రి నీలో ఏం చూశాడు?" ఇన్నేళ్ళూ నోరు విప్పలేదు. మొన్న మా ఇంట్లో భోజనాల దగ్గర మామగారే చుట్టాలందరి ముందూ ఆ కథ మొదలుపెట్టి, నా అయస్కాంతం దగ్గర అందర్నీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వించి, తన కళ్ళజోడు ముక్క మాత్రం బిర్యానీతో పాటు మింగేశారు. కాబట్టి ఒట్టు ఆయనే తీసేసినట్టు. నస్రీన్, విను: మీ నాన్న ఆ రాత్రి నాలో ఏమీ చూడలేదు. ఆయనకి కనపడితే గదా!

ఇందుమూలముగా పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పెద్దమనిషైనా నన్ను నమ్మి, నోరెత్తకుండా నా వెనకాల నడుస్తుంటే, పది అడుగులు దాటకముందే ఆగి, వెనక్కి తిరిగి, చేతులు జోడించి, "అయ్యా, తమరికైనా దారి తెలుసా?" అని అడిగిగానీ పదకొండో అడుగు వెయ్యను.